తీగ కింద తోవ

మంచు ఆరకముందే పత్తి తీయాలి. పొద్దెక్కితే కాయను చుట్టుకున్న ఎండు రేకులు పెళుసెక్కి, చెయ్యి తగిలితే చాలు పొడిగా రాలి దూదిలో కలిసిపోతాయి. అలాంటి పత్తిని విరుదునగరం మండీవాళ్ళు వేలితో కెలికి చూసి పక్కకు నెట్టేస్తారు. అందుకే జానకియమ్మాళ్, ఆమె ఆడబిడ్డ బొమ్మక్క తెల్లవారుతూండగానే చేలోకి దిగారు. చెరొక సాలు పట్టుకుని, మూడు వేళ్ళు కాయలోకి దించి, రేకు అంటకుండా దూదిని ఒక్క గుంజుతో లాగి, నడుముకు కట్టుకున్న ఒడిలో వేసుకుంటూ ముందుకు పోతున్నారు. నల్లటి కరిసలు నేల చల్లగా, పగుళ్ళు విచ్చి, అరికాళ్ళ కింద గట్టిగా ఉంది. మోకాళ్ళ దాకా చీరలు తడిసిపోయాయి.

ఇద్దరికీ మగవాళ్ళు పోయారు. ఉన్నది ఈ చేను, ఒక జత ఎడ్లు, ఒకరికొకరు.

మాసి నెల, శివరాత్రి రోజులు. ఓట్లు జరిగి కొద్ది రోజులే అయింది. కోవిల్‌పట్టికి ఉత్తరంగా, సాత్తూరు దారి నుంచి బాగా లోపలికి ఉన్న ఆ ఊళ్ళో గోడల మీది కాంగ్రెసువాళ్ళ పసుపు ఓటుపెట్టె బొమ్మలు ఇంకా వెలవనే లేదు. ఆ ఓట్ల కోసం వచ్చిన ఒకటి రెండు కార్లు తప్ప మోటారన్నది ఊళ్ళోకే రాలేదు. చేలల్లోకి వస్తుందని ఎవరూ అనుకోలేదు.

"వదినా, ఉరుముతుండాదా?" అంది జానకియమ్మాళ్ నడుం ఎత్తి.

"మాసిలో ఉరుమేమి? నీ చెవుల్లో యేమో పడింది" అని బొమ్మక్క తల ఎత్తకుండానే అంది.

ఉరుము ఆగలేదు. బండ్ల బాట మీద దుమ్ము లేచింది. దుమ్ములోంచి ఒక లారీ ముక్కు బయటికి వచ్చింది. అది బాట దిగి, గట్టెక్కి, ఒక పక్కకు ఒరిగి, మీద కట్టిన ఇనుప కమ్ములన్నీ ఒక్కసారి ఘొల్లుమనగా జానకియమ్మాళ్ చేలోకి దిగింది.

ఆమె ముందు చూసింది దాన్ని కాదు. పక్క చేలో వరసగా పాతిన ఎర్ర గుడ్డల కర్రలను చూసింది.

బాట దగ్గర మొదలై ఆ రెండు చేలు పక్కపక్కనే పొడుగ్గా పోయి, చివర ఒక గరప మిట్ట దగ్గర ఆగుతాయి. ఎడమ పక్కది ఆమెది. కుడి పక్కది తిరుపతిసామి నాయక్కరుది. ఊళ్ళో పెద్ద చేతివాడు, ఆమెకు బావ వరస. నీలగిరి కొండల్లో నీళ్ళు దూకేచోట పుట్టిన కరెంటు మదురై దాటి విరుదునగరం దాకా వచ్చిందనీ, ఇప్పుడు కోవిల్‌పట్టి మిల్లులకు పోతుందనీ, దానికి మిట్ట మీద ఇనుప గోపురం నిలబెడతారనీ ఊరంతా చెప్పుకున్నారు. తీగ పోయేది తిరుపతిసామి చేను మీదుగా. ఎర్ర కర్రలు పాతింది ఆ చేలోనే. లారీ వచ్చింది మాత్రం ఈ చేలోకి.

జానకియమ్మాళ్ ఒడి విప్పి పత్తిని గంపలో వేసి, పరిగెత్తి పోయి లారీ ముందు నిలబడింది. రెండు చేతులూ చాపింది. లారీ ఆగలేదు, నెమ్మదించింది. దాని ముక్కులోంచి వచ్చే వేడి ఆమె తడి చీరకు తగిలి సన్నగా ఆవిరి లేచింది. అప్పుడు ఆగింది.

డ్రైవరు వెళ్ళైసామి విరుదునగరం మనిషి. తలుపు తెరిచి అరవంలో అరిచాడు. "పక్కకు పో అమ్మా! ఇది ఎద్దు కాదు, అదిలిస్తే ఆగేదానికి."

"ఆగిందిగా" అంది ఆమె.

వెనకనుంచి సైకిలు తోసుకుంటూ ఓవర్సీరు వచ్చాడు. గోపాలకృష్ణన్ అని పేరు. ముప్పై ఏళ్ళుంటాయి. ఖాకీ నిక్కరు, టోపీ, మెడ మీద కారే చెమట. జానకియమ్మాళ్ అతనితో అరవంలోనే అడిగింది. "నీ తీగ ఆ చేలో పోతుంది. నీ బండి ఈ చేలోకి ఎందుకొచ్చింది?"

"తోవ ఇలాగే గుర్తు పెట్టి ఉందమ్మా. పంట నష్టం సర్కారు ఇస్తుంది. పట్టా మీ పేరునే ఉంది కదా."

"గుర్తు పెట్టింది ఎవరు?"

అతను సైకిలు గంటను బొటనవేలితో తడిమాడు.

జానకియమ్మాళ్ బొమ్మక్క వైపు తిరిగి తెలుగులో, "చూస్తివా వదినా, తిరుపతిసామి బావ ఇంట్లో కోడి పులుసు తిన్న నోరు. ఇంగ వేరే యేమి మాటాడతాది?" అంది.

ఓవర్సీరు చెవులు ఎర్రబడ్డాయి. "కోడి తిన్నది నిజమే అమ్మా" అన్నాడు, తెలుగులో. "మాది అరుప్పుకోట్టై. మగ్గం నేసే ఇల్లు. ఇంట్లో మాది గూడా ఇదే బాస."

బొమ్మక్కకు నవ్వాగలేదు. పైట నోట్లో కుక్కుకుంది. జానకియమ్మాళ్‌కు నవ్వు రాలేదు. ఒక మాట జారిపోయింది. వెనక్కు తీసుకోబుద్ధి కాలేదు.

"అయితే మన బాసలోనే చెప్పు నాయనా. యేల ఇట్ల చేస్తివి?"

"పొద్దు వాలేలోగా ఇనుము మిట్ట మీదికి చేరల్ల. పైన వాండ్లు నన్ను అడుగుతారు" అన్నాడు అతను, ఆమె ముఖం చూడకుండా. ఆమె అడిగినదానికి అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

బొమ్మక్క వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. లారీ కదిలింది. కాయలు విచ్చి తెల్లగా నిలబడ్డ సాళ్ళు చక్రాల కిందికి పోయాయి. నాలుగు సాళ్ళు. కొమ్మలు విరిగిన చప్పుడు ఇంజను చప్పుడులో వినబడనే లేదు. పత్తి మట్టిలో పూడిపోతూ ఉంటే కళ్ళకు మాత్రం కనిపించింది.

అంత కోపంలోనూ జానకియమ్మాళ్ చూపు లారీ వీపు మీది ఇనుము మీదికి పోయింది. పొడుగాటి కమ్ములు. ప్రతి కమ్మికీ రెండు కొసల్లో చిల్లులు, అన్నీ ఒకే తీరు, ఒకే ఎడం. అంత ఇనుముకు అన్ని చిల్లులు ఎవరు పొడిచారో, ఏ చేతులతో పొడిచారో. లారీ మిట్ట ఎక్కేదాకా ఆమె అలాగే చూస్తూ నిలబడింది. ఆ తరువాత వంగి, మట్టిలో కూరుకున్న ఒక కాయను గోళ్ళతో పెకలించి, ఊది చూసింది. దూది నల్లబడింది.

సాయంత్రం ఇద్దరూ తుమ్మ కంప నరికి తెచ్చి, లారీ దిగిన చోట గట్టుకు అడ్డంగా వేశారు.

* * *

మరునాడు లారీ రాలేదు. ఇనుమంతా మిట్ట మీదికి చేరిపోయింది. పత్తి తీయడం కాగానే జానకియమ్మాళ్ చెయ్యి కడుక్కుని, పైట బిగించి, మిట్ట వైపు నడిచింది. ఇంకొకసారి పోట్లాడాలనే పోయింది. నడుస్తూ మాటలు కూడా కూర్చుకుంది.

మిట్ట దగ్గరికి చేరేసరికి ఆ మాటలు ఆగిపోయాయి.

నాలుగు కాళ్ళు నేలలో పాతుకుని ఉన్నాయి. వాటి మీద అడ్డకమ్ములు, ఐమూలకు ఐమూలగా. పైన మనుషులు. కింద నుంచి తాడుతో ఒక కమ్మిని పైకి పంపుతున్నారు; అది గాలిలో నెమ్మదిగా తిరుగుతూ పోయి, పైనున్నవాడి చేతికి అంది, చిల్లు మీద చిల్లు కూర్చుంది. వాడు నడుముకు వేలాడే సంచిలోంచి మర తీసి దూర్చాడు. ఎక్కడా సాగదీయలేదు, సుత్తితో కొట్టి ఒప్పించలేదు. నిన్న ఆమె చేలోంచి పోయిన ఆ కమ్ములే. నేల మీద పడుకున్నప్పుడు వట్టి ఇనుము. ఇప్పుడు లేస్తోంది. దాని లోపలనుంచి ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది.

కళుగుమలై గుడి గోపురం ఆమె చూసింది. దాన్ని కట్టినవాళ్ళు ఎప్పటి వాళ్ళో. ఇది మాత్రం తన కళ్ళముందే, పొద్దున లేనిది మధ్యాహ్నానికి ఉంది.

"మెడ నొప్పి పుడుతుందమ్మా, అట్ల చూస్తే" అన్నాడు గోపాలకృష్ణన్ పక్కకు వచ్చి. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నిన్నటి సంకోచం ఇంకా పోలేదు. "ఇట్ల రాండి. ఇందులో చూడండి."

మూడు కాళ్ళ మీద ఒక గొట్టం నిలబడి ఉంది. ఆమె ఒక కన్ను మూసుకుని రెండో కన్ను దానికి ఆనించింది. మొదట ఏమీ తెలియలేదు. తరువాత ఎర్ర గుడ్డ ఒకటి కనిపించింది, చెయ్యి చాపితే అందేటంత దగ్గరగా.

"ఒకటే జెండా ఉండాది."

"ఒకటి కాదమ్మా. సాత్తూరు దిక్కుగా కన్ను ఆనేదాకా పాతినవన్నీ అవి. ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉండేదానివల్ల ఒకటిగా తెలుస్తుంది. యేదైనా వేలంత పక్కకు జరిగి ఉంటే రెండు కనపడుతుంది."

ఆమె కన్ను తీయలేదు. గొట్టంలోంచి కనిపించే ఆ సన్నటి తోవలో ఎవరెవరి భూములున్నాయో ఆమెకు తెలుసు. తిరుపతిసామి బావ చేను, ఊరి మునసబు మణియంవారి చేను, కోవెల మాన్యం, తగాదాలో ఉన్న అన్నదమ్ముల చెక్క, మేకలవాళ్ళ బీడు. ఆ ఊళ్ళో ఏ తోవ అయినా పెద్దింటి చేను దగ్గరికి రాగానే పక్కకు తిరుగుతుంది. చిన్నవాళ్ళ చేనులోకి దిగి, దాన్ని కొరుక్కుంటూ పోతుంది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆమె చూసిన తోవలన్నీ అలాంటివే. ఇది ఎవరి ముఖమూ చూడలేదు. ఎక్కడా వంగలేదు.

"దీనికి యెవరూ కోడి పులుసు పెట్టలేదే" అంది ఆమె, కన్ను ఇంకా గొట్టానికి ఆనించే.

గోపాలకృష్ణన్ టోపీ మళ్ళీ తలకు పెట్టుకున్నాడు.

ఆమె లేచి నిలబడి అతని ముఖం చూసింది. గొంతులో పోట్లాట లేదు. "తీగ ఇంత నేరుగా పోతుండాది గదా నాయనా. దాని కింద పోవల్సిన లారి మట్టుకు యేల వంకర పొయ్యింది?"

పైనుంచి ఎవడో మర జార్చాడు. అది కమ్ములకు తగులుతూ టంగుటంగుమని కిందికి వచ్చి గరపలో పడింది. గోపాలకృష్ణన్ వంగి దాన్ని తీసి, ధూళి తుడిచి, అరచేతిలో పట్టుకున్నాడు.

"తప్పు నాదే అమ్మా" అన్నాడు. "రేపు తీగ చుట్ట వస్తుంది. దాని తరువాత రోజూ బండి తిరుగుతుంది. రేపటి నుంచి తీగ కిందనే పోతుంది. నేను నిలబడి పంపిస్తాను."

ఇంటికి వస్తూ ఆమె రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. గోపురం ఇంకా పెరుగుతూనే ఉంది.

* * *

ఆ సాయంత్రం దీపాలు పెట్టకముందే తిరుపతిసామి జానకియమ్మాళ్ ఇంటి తిన్నె మీదికి వచ్చి కూర్చున్నాడు. పెద్ద మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు; ఎవరి మీదా కేకలు వేయగా ఊళ్ళో ఎవరూ వినలేదు. బొమ్మక్క చెంబుతో మజ్జిగ ఇచ్చింది. జానకియమ్మాళ్ గడప లోపల చాట ముందు కూర్చుని పత్తిలో రేకులు ఏరుతోంది.

"ఓవర్సీరు వచ్చి చెప్పినాడు, అమ్మాయీ" అన్నాడు తిరుపతిసామి. "నీకు ఇంత మనసు కష్టం అవుతాదని నాకు తెలియలేదు. ముందే నాతో చెప్పి ఉంటే పోయేదిగదా."

"నీతో చెప్పాలనా బావా? నువ్వేగదా ఇట్ల తిప్పితివి."

"ఆమా, నేనే చెప్పితిని" అని ఒప్పుకున్నాడు అతను, దాచవలసింది ఏదీ లేనట్టు. "తోవ అనేది ఒకసారి పడితే పోదు. రేపు ఊరంతా అదే తోవ అంటారు. అందుకని పక్కకు తిప్పమంటిని. సరి, నీకు వద్దంటే వద్దు. నా చేలోనే పోనీ. నాకేమి."

మజ్జిగ తాగి చెంబు కింద పెట్టాడు.

"నీ పంట పోదా తమ్ముడూ?" అంది బొమ్మక్క.

"అది నేను దున్నేదా అక్కా? ఇరుళప్పన్ దున్నేది. కుత్తగకు ఇడిచి రెండేండ్లాయె గదా."

కౌలు మాట చెవిన పడగానే జానకియమ్మాళ్ వేళ్ళు చాటలో ఆగాయి.

"అట్లయితే సర్కారు ఇచ్చేది వానికి ఇస్తావా?" బొమ్మక్క వదల్లేదు.

"పట్టా వాని పేరున ఉండాదా అక్కా?" తెలియనివాళ్ళకు తెలియజెప్పే గొంతుతో అన్నాడు తిరుపతిసామి. "వాండ్లు పట్టా చూసేగదా ఇస్తారు. కుత్తగ అంటే కుత్తగ. వాన పడలేదని తగ్గిస్తామా? పురుగు కొట్టిందని తగ్గిస్తామా? ఇదీ అట్లనే."

లేచి, ఉత్తరీయం దులుపుకుని, జానకియమ్మాళ్ వైపు చూసి, "ఇంగ కోపం లేదుగదా, అమ్మాయీ?" అని అడిగి వెళ్ళిపోయాడు.

ఆమె మళ్ళీ రేకులు ఏరసాగింది. ఇరుళప్పన్ ఆ చేలో దున్నుతూ, కలుపు తీస్తూ, పొద్దస్తమానం ఉండేవాడే. రెండేళ్ళుగా గట్టుకు ఆ పక్కన అతన్నీ, పెళ్ళాం అంగమ్మాళ్‌నూ చూస్తూనే ఉంది. అయినా పగలు గొట్టంలోంచి చూసినప్పుడు ఆమె కళ్ళకు అది తిరుపతిసామి బావ చేనుగానే కనిపించింది. పట్టా చూసే సర్కారుకూ తనకూ తేడా ఏముందో ఆమెకు తోచలేదు.

బొమ్మక్క చాటను ఆమె ముందునుంచి తీసుకుంది. "చీకటి పడింది. రేకో దూదో తెలియకుండా యేమి ఏరుతుండావు?"

* * *

పొద్దున చేలోకి పోయేసరికి గట్టుకు ఆ పక్కన మనుషులు వంగి ఉన్నారు. ఇరుళప్పన్, అంగమ్మాళ్, అంగమ్మాళ్ తల్లి మాయక్కాళ్. ఎర్ర కర్రలకు రెండు పక్కలా ఉన్న సాళ్ళలో చేతులు ఆడుతున్నాయి. పత్తి తీయడం అలా ఉండదు. విచ్చిన కాయ, విచ్చని కాయ అని లేదు. పచ్చి కాయలను కూడా తొడిమలతో తుంచి ఒడిలో పోసుకుంటున్నారు. పచ్చి కాయను ఎండలో పోస్తే సగం నోరు తెరుస్తుంది. లోపలి దూదికి బలం ఉండదు. దాన్ని ఏ మండీలోనూ పత్తి అనరు. అయినా చక్రం కింద పోయేదానికన్నా మేలని తుంచుతున్నారు.

ముసలి మాయక్కాళ్ ఒడి బరువుకు నడవలేక, కూర్చుని జరుగుతూ తుంచుతోంది.

జానకియమ్మాళ్ గట్టు దగ్గరికి పోయి నిలబడింది. అంగమ్మాళ్ తల ఎత్తి చూసింది. వెంటనే మళ్ళీ వంగింది.

"అంగమ్మా" అని పిలిచింది జానకియమ్మాళ్ అరవంలో. "ఈ చేలో రావాలని చెప్పింది నేనే."

"తెలుసు తాయీ" అంది అంగమ్మాళ్. చేతులు ఆగలేదు. "నిజమే కదా చెప్పారు. తీగ పోయేది ఇక్కడ. బండీ ఇక్కడే రావాలి."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. జానకియమ్మాళ్ వెతికింది కూడా. ఉంటే దానికి జవాబు చెప్పి తేలికపడేది. నిజం చెప్పినందుకు మెచ్చుకుంటున్నట్టే ఉంది ఆ మాట. 

బాట వైపు నుంచి ఉరుము వినిపించింది. ఇవాళ అది ఉరుము కాదని అందరికీ తెలుసు. ఇరుళప్పన్ నడుం ఎత్తి అటు చూసి, తలగుడ్డ తీసి నడుముకు చుట్టుకున్నాడు. "చాలు, పక్కకు రండి" అన్నాడు ఆడవాళ్ళతో. మాయక్కాళ్ రాలేదు. ఇంకొక చెట్టు, ఇంకొక చెట్టు అంటూ జరుగుతూనే ఉంది.

జానకియమ్మాళ్ పరుగెత్తింది. తన చేను గట్టు దగ్గర తుమ్మ కంపను మొదలు దగ్గర పట్టుకుని లాగింది. అది కదల్లేదు. రెండు చేతులతో పట్టుకుని వెనక్కి వాలింది. అరచేతిలో ముల్లు దిగబడింది. ముల్లును పళ్ళతో పీకి ఉమ్మేసి మళ్ళీ పట్టుకుంది.

లారీ బాట మీద ఆగింది. దాని వీపు మీద మనిషెత్తు కొయ్య చక్రం, దానికి చుట్టలు చుట్టలుగా వెండిలా మెరిసే తీగ. గోపాలకృష్ణన్ ఇరుళప్పన్ చేను మొదట్లో చెయ్యెత్తి దారి చూపిస్తున్నవాడు, ఆమెను చూసి చెయ్యి దించాడు.

"యేమి చేస్తుండారమ్మా?"

"ఇట్ల పోనీ. పాత గాడిలోనే పోనీ."

"నిన్న మీరు చెప్పింది న్యాయమమ్మా. దాన్ని సరిచేసేదానికేగదా నేను ఈడ నిలబడినాను."

"ఆమా, న్యాయమే. అది బావకు తగులుతాదని అంటిని." ఆమె కంప వదిలి, మోచేత్తో ముఖం తుడుచుకుంది. "బావకు తగలలేదు."

అతను ఇరుళప్పన్ చేనుకేసి తిరిగి చూశాడు. సాళ్ళ మధ్య జరుగుతున్న ముసలిదాన్నీ, ఆమె ఒళ్ళో పచ్చి కాయలనూ చూశాడు.  తరువాత ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఒకటి చెప్పల్ల మీకు. ఈ పంటతో పోయేది కాదు ఇది. తీగ చూసేదానికి, గోపురం చూసేదానికి యేటేటా వస్తాము. బండి పోయిన తోవను సర్కారు మళ్ళీ మూయనీదు. ఆ నాలుగు సాళ్ళలో ఇంగ మీరు విత్తనం వేయరాదు. యోచన చేసి చెప్పండి."

"యేటేటానా?"

"తీగ ఉండేవరకు."

"తీగ యెన్నాళ్ళు ఉంటాది?"

"మీ తరువాత, నా తరువాత గూడా ఉంటుందమ్మా."

జానకియమ్మాళ్ తన చేనును చూసింది. మొన్న చక్రాలు పోయిన చోట నేల నునుపుగా, గట్టిగా, రెండు గాడులుగా మిట్ట దాకా పడి ఉంది. నాగలికి కూడా అంత త్వరగా లొంగదు అది. గాడుల అంచున ఒక విరిగిన కొమ్మకు చివరి కాయ ఒకటి ఎలాగో విచ్చి తెల్లగా ఉంది. ఆమె దాన్ని చూసింది, దాని మీదుగా గోపురాన్ని చూసింది. నిన్నటికన్నా ఎత్తుగా, రెండు వైపులా చేతులు చాపి నిలబడి ఉంది.

"పోయిన సాళ్ళు పోయినాయి" అంది. "ఆటి మీదనే పో. పక్కకు ఒక జానెడు జరిగినా ఊరుకోను."

బొమ్మక్క ఎప్పుడు వచ్చిందో, కంప రెండో కొస పట్టుకుంది. "నీ తిక్క నీది" అని గొణిగింది. "ఆ పక్క తిరిగి పట్టు, చీర చినిగిపోతాది."

ఇద్దరూ కలిసి లాగితే కంప వచ్చింది.

జానకియమ్మాళ్ లారీ ముందు నడిచింది. మొన్న చేతులు చాపి నిలబడ్డ చోటునుంచే నడక మొదలుపెట్టింది. వెనక వేడి వీపుకు తగులుతోంది. వెళ్ళైసామి బండిని ఎద్దుల నడకకన్నా నెమ్మదిగా, గాడి అంచు కూడా విరగకుండా, తల బయట పెట్టి చక్రాన్ని చూసుకుంటూ నడిపాడు. ఒకసారి చక్రం కొద్దిగా పక్కకు జరగబోతే ఆమె తిరిగి చూడకుండానే చెయ్యెత్తింది. అతను సరిచేశాడు.

గట్టుకు ఆ పక్కన అంగమ్మాళ్ చేతిలో ఒక పచ్చి కాయ పట్టుకుని ఉంది, తుంచబోతూ. లారీ గట్టుకు ఇవతల ముందుకు పోతూంటే చూసింది. కాయను చెట్టు మీదే వదిలేసింది. ఆ కొమ్మ ఊగి ఆగింది. ఇరుళప్పన్ రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడి ఉన్నాడు. మాయక్కాళ్ మాత్రం ఇంకా తుంచుతూనే ఉంది. ఆమెకు ఎవరో వంగి చెవిలో చెప్పవలసి వచ్చింది.

* * *

తరువాతి రోజుల్లో లారీ వచ్చింది, పోయింది. ఒక పొద్దున ఊరి వెలుపలి ఇరుళప్పన్ వాడలోని ఆడవాళ్ళు నలుగురు పత్తి మూటలు తలమీద పెట్టుకుని గాడి మొదట్లో నిలబడ్డారు. తిరుపతిసామి తన భూముల మీదుగా తోవ ఇవ్వడు; వాటిని చుట్టి పోవాలంటే వాళ్ళకు వాగు దాటి సగం పొద్దు నడక.

"తాయీ, ఇలా పోవచ్చునా?" అని ఒకావిడ అడిగింది.

"తోవ కదా" అంది జానకియమ్మాళ్, పత్తి తీస్తూనే.

తిరుపతిసామి ఆ సంగతి విన్నాడు. గొడుగు పట్టుకుని గట్టు దాకా వచ్చి, గాడి వెంట వరసగా పోతున్న మూటలను చూశాడు. ఏదో అనబోయాడు. చేను తనది కాదు.

తీగ లాగే రోజు ఊరంతా మిట్ట దగ్గర చేరింది. కొయ్య చక్రాన్ని ఇనుప కడ్డీ మీద నిలబెట్టారు. దాని కొసను మనుషులు భుజాల మీద వేసుకుని ఒకరి వెనక ఒకరు బాట వైపు లాక్కుపోయారు. అందరికన్నా ముందు ఇరుళప్పన్. తన చేలో సాళ్ళ నడుమ అడుగు చూసి అడుగు వేశాడు. వెనకవాళ్ళు అతని అడుగులోనే అడుగు పెట్టారు. చక్రం గిర్రున తిరుగుతూ ఇచ్చింది, ఇచ్చింది, ఎంత ఇచ్చినా తరగనట్టు ఇచ్చింది. చివరికి తీగ మిట్ట నుంచి బాట దాకా, బాట దాటి చూపు ఆగేదాకా, పత్తి చెట్ల మొదళ్ళలో మెరుస్తూ పడుకుంది. గోపురం మీదివాళ్ళు దాన్ని ఎత్తి కప్పీ మీద వేశారు.

"ముట్టుకోండి అమ్మా" అన్నాడు గోపాలకృష్ణన్. "ఆ కొసలో జెండా ఊపగానే పైకి పోతుంది. కరెంటు వచ్చినాక దీని దాపుకు గూడా యెవరూ పోరాదు."

జానకియమ్మాళ్ గట్టు దాటి ఇరుళప్పన్ చేలోకి దిగింది. వంగి తీగను ఎత్తి పట్టుకుంది. సన్నటి పోగులు ఎన్నో కలిపి పేనిన తీగ. ఎండలో పడి ఉన్నా చల్లగా ఉంది. బొమ్మక్క ముందు దణ్ణం పెట్టి, ఆ తరువాత ఒక్క వేలితో తాకి, వెంటనే వేలు వెనక్కి తీసుకుంది.

అంగమ్మాళ్ నాలుగు సాళ్ళ అవతల నిలబడి చూస్తోంది. తన చేలోనే, దూరంగా.

"అంగమ్మా, రా. పట్టుకో."

అంగమ్మాళ్ పెనిమిటి వైపు చూసింది, పెద్దవాళ్ళు నిలబడ్డ మిట్ట వైపు చూసింది. రెండు అరచేతులూ చీరకు తుడుచుకుని వచ్చింది. జానకియమ్మాళ్ పట్టుకున్న చోటుకు కొద్ది ఎడంగా తీగ కిందికి చేతులు పోనిచ్చింది.

అప్పుడు తీగ కదిలింది. మొదట కదలిక కూడా కాదు, ఒక జలదరింపు. ఎక్కడో సాత్తూరు దిక్కున, వాళ్ళ కళ్ళకు ఆనని చోట, ఎవరో తీగను బిగించే మర తిప్పడం మొదలుపెట్టారు. అది ఇన్ని చేలు దాటి వచ్చి ఇద్దరి అరచేతుల్లోనూ ఒకేసారి కొట్టుకుంది. అంగమ్మాళ్ ఊపిరి బిగబట్టింది. జానకియమ్మాళ్ ఆమె ముఖం చూసింది.

"తెలిసిందా?"

"తెలిసింది తాయీ."

తీగ లేచింది. నడుం దాకా, రొమ్ముల దాకా, భుజాల దాకా లేచింది. ఇద్దరూ దానితోపాటు చేతులు ఎత్తారు. మునివేళ్ళ మీద నిలబడ్డారు. అది వేళ్ళ కొసలను ఒరుసుకుంటూ జారి, అంటుకున్న నల్లమట్టిని సన్నగా వాళ్ళ ముఖాల మీద రాల్చి, పత్తి చెట్లను దాటి, గట్లను దాటి, ఎగిరే పిట్టల ఎత్తుకు పోయి బిగుసుకుంది. ఈ చేను నుంచి ఆ చేనుకు, ఆ చేను నుంచి ఇంకా అవతలికి, ఎక్కడా వంగకుండా పోయింది.  గాలి వీచింది; పైన ఎక్కడో సన్నగా ఒక మోత మొదలైంది.

ఇరుళప్పన్ చేలో ఒక్క సాలు విరగలేదు. ఆడవాళ్ళిద్దరూ తలలు వెనక్కి వాల్చి చూస్తూ నిలబడ్డారు. వాళ్ళ చేతులు చాలాసేపు అలాగే పైకెత్తి ఉండిపోయాయి.